పల్ప్ బ్యాండ్: మొదటి హిట్‌కి 16 ఏళ్లా? అంతకాలం ఏం చేశారు వీళ్లు?

నైట్‌షిఫ్ట్_నాని
ఆఫీసులో ఎవరో ఇంగ్లండ్ బ్యాండ్ పల్ప్ పాట 'కామన్ పీపుల్' పెడితే విని పిచ్చెక్కిపోయింది. ఇంత బాగుంటే మొదటి నుంచీ వరుసగా విందామని 1983లో వచ్చిన మొదటి ఆల్బమ్ 'ఇట్' పెట్టాను. ఎకూస్టిక్ గిటారు, మెత్తటి గొంతు, మధ్యలో ఫ్లూటు. బాగాలేదని కాదు గానీ ఇది అదే మనిషి పాడాడంటే నమ్మబుద్ధి కాలేదు. తర్వాత 1987 నాటి 'ఫ్రీక్స్' పెడితే సగంలోనే ఆపేశాను, అంత దిగులు నావల్ల కాదు. చూస్తే బ్యాండ్ పుట్టింది 1978లో, బ్రిటన్‌లో మొదటి టాప్ 40 పాట 1994లో! మధ్యలో ఏం తిన్నారు, ఎలా బతికారు? ఇంట్లోవాళ్లు ఉద్యోగం చూసుకోమనలేదా?

గుంటూరు_మిర్చి
అనకుండా ఉంటారా? పల్ప్ గాయకుడు జార్విస్ కాకర్ స్కూల్లో ఉన్నప్పుడే శనివారాలు చేపల మార్కెట్లో పీతలు తోమే పనికి వెళ్లేవాడు. చేతుల వాసన పోయేది కాదని తనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు.

షెఫీల్డ్_శీను
నేను చదివింది పల్ప్ పుట్టిన ఊరు షెఫీల్డ్‌లోనే కాబట్టి ఈ దారంలో దూరక తప్పదు.

1978లో జార్విస్‌కి 15 ఏళ్లు, సిటీ స్కూల్ విద్యార్థి. ఎకనామిక్స్ క్లాసులో ఫైనాన్షియల్ టైమ్స్ తిరగేస్తుంటే సరుకుల ధరల్లో అరబికా కాఫీ కనిపించింది. దాని మీద 'అరబికస్ పల్ప్' అని పేరు పెట్టుకున్నారు. తర్వాత ముందు మాట ఎగిరిపోయింది. 1981లో షెఫీల్డ్ పాలిటెక్నిక్‌కి బీబీసీ డీజే జాన్ పీల్ వచ్చినప్పుడు జార్విస్ వెళ్లి ఒక డెమో క్యాసెట్ చేతిలో పెట్టాడు. ఆ నవంబరులోనే పీల్ సెషన్ (పీల్ రేడియో షో కోసం వాయించేది) రికార్డయింది. అప్పటికి అతనికి 18. ఆ పాలిటెక్నికే ఇప్పటి షెఫీల్డ్ హాలమ్ యూనివర్సిటీ. ఇప్పుడు దాని కారిడార్లలో నిలబడితే రెండు నిమిషాల్లో 'మామా, రూమ్ దొరికిందా' అని తెలుగు వినిపిస్తుంది, అది వేరే కథ.

పీల్ సెషన్ అంటే ఆ రోజుల్లో లాటరీ తగిలినట్టే అనుకుంటాం కదా. ఏమీ జరగలేదు. మిగతా కుర్రాళ్లు యూనివర్సిటీలకు వెళ్లిపోయారు, ఇతను ఉండిపోయాడు. కొత్తవాళ్లను పోగేసి 'ఇట్' చేశాడు, ఎవరూ కొనలేదు. ఆ తర్వాత రస్సెల్ సీనియర్ (గిటారు, వయొలిన్), కాండిడా డోయల్ (కీబోర్డ్) చేరారు. డ్రమ్స్‌కి నిక్ బ్యాంక్స్ కూడా వచ్చాక మనకు తెలిసిన పల్ప్ రూపు కట్టింది. ఈలోగా 1985లో జార్విస్ కిటికీలోంచి కింద పడి ఎముకలు విరగ్గొట్టుకున్నాడు. కొన్నాళ్లు వీల్ చెయిర్లో కూర్చునే స్టేజీ మీద పాడాడు.

వరంగల్_వాక్‌మన్
ఆగాగు భయ్యా. కిటికీలోంచి ఎందుకు పడ్డాడు?

షెఫీల్డ్_శీను
ఒక అమ్మాయిని మెప్పించడానికి స్పైడర్‌మ్యాన్ లాగా బయట గోడ మీద ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి వెళ్దామనుకున్నాడు. చేతుల్లో పట్టు చాల్లేదు.

గుంటూరు_మిర్చి
ఊళ్లో మా సందులో ఇలాంటివాళ్లు నలుగురున్నారు. పాటలు మాత్రం ఒక్కడూ రాయలేదు.

లలిత_లండన్
నాని గారూ, ఎలా బతికారు అన్నారు కదా, దానికి సూటి జవాబు నిరుద్యోగ భృతి. దాన్ని డోల్ అంటారు. ఎనభైల్లో షెఫీల్డ్‌లో ఉక్కు ఫ్యాక్టరీలు వరుసగా మూతపడ్డాయి, చుట్టుపక్కల బొగ్గు గనుల్లో 1984-85 సమ్మె జరిగింది. రస్సెల్ ఆ సమ్మెలో పికెటింగ్‌కి కూడా వెళ్లాడు. ఉద్యోగాలే లేని ఊళ్లో 'ఉద్యోగం చూసుకో' అని ఎవరంటారు? వారం వారం భృతి, చవక అద్దె గది, దాంతో పాటలు రాసుకునే తీరిక. తమాషా ఏమిటంటే సొంత వ్యాపారం పెట్టుకుంటే వారానికి 40 పౌండ్లు ఇచ్చే ఎంటర్‌ప్రైజ్ అలవెన్స్ స్కీమ్‌ని తెచ్చింది మార్గరెట్ థాచర్ ప్రభుత్వమే. బ్యాంకులో 1000 పౌండ్లు చూపించాలి. అవి పక్కవాడి దగ్గర తెచ్చి చూపించి తిరిగిచ్చేయడం మామూలే. ఒయాసిస్ బ్యాండ్‌ని తెచ్చిన క్రియేషన్ రికార్డ్స్ కూడా ఆ డబ్బుతో మొదలైనదే. 1988లో జార్విస్ సెయింట్ మార్టిన్స్ కాలేజీలో సినిమా చదవడానికి లండన్ వచ్చాడు. అప్పట్లో ఇక్కడి పిల్లలకు ఫీజులేదు, పైగా గ్రాంటు. ఈరోజు షెఫీల్డ్ కుర్రాడు ఎవరైనా 16 ఏళ్లు ఓడిపోతూ లండన్‌లో చదవగలడా? అప్పుల్లో మునిగిపోతాడు. ఇండీ బ్యాండ్లలో డబ్బున్న ఇళ్ల పిల్లలు ఎక్కువయ్యారని ఇక్కడ ఎప్పుడూ గొడవే.

బాస్‌లైన్_భాను
లలిత గారు చెప్పింది నిజమే కానీ భృతి అందరికీ వచ్చింది, పల్ప్ ఒక్కటే అయింది. ఇంకో విషయం కూడా చూడాలి. ఆ 16 ఏళ్లలో కొన్నేళ్లు వాళ్ల చేతిలో లేవు, లేబుల్ (రికార్డు కంపెనీ) చేతిలో ఉన్నాయి. 'సెపరేషన్స్' ఆల్బమ్ రికార్డ్ చేసింది 1989లో, బయటకు వచ్చింది 1992లో! పెళ్లి చేసుకుని పిల్లాడిని నర్సరీలో వేసేంత టైము. అందులోని 'మై లెజెండరీ గర్ల్‌ఫ్రెండ్' 1991లో సింగిల్‌గా వస్తే ఎన్‌ఎమ్‌ఈ పత్రిక 'సింగిల్ ఆఫ్ ద వీక్' అంది. ఆల్బమ్ అప్పుడే వచ్చి ఉంటే కథ మూడేళ్లు ముందుకు జరిగేదని నా గట్టి నమ్మకం.

ఆ ఆల్బమ్ రెండో వైపు వినండి. హౌస్ మ్యూజిక్ పార్టీల ప్రభావం అంతా అక్కడే ఉంది. బాస్ వాయించే స్టీవ్ మెకీ వచ్చాకే ఈ డిస్కో వాసన తగిలింది. అంతకు ముందు పాటలకు తల ఉంది, నడుము లేదు.

ఫిల్టర్‌కాఫీ
నాకు ఈ రొమాన్స్ అంతా ఎక్కదు. 'ఇట్', 'ఫ్రీక్స్' ఆడకపోవడానికి కారణం లేబుల్ కాదు, థాచర్ కాదు. అవి బాగాలేవు. అంతే. కుర్రాడు లియొనార్డ్ కోహెన్, స్కాట్ వాకర్ లాంటి పాత గాయకుల్లాగా పాడాలని చూశాడు, వయసు సరిపోలేదు. జనం కొనకపోవడం న్యాయమే. తర్వాత ఫేమస్ అయ్యారు కాబట్టి 'అబ్బా, ఎంత తపస్సు' అంటున్నాం. అలాంటి తపస్సు చేసి ఏమీ కానివాళ్ల గురించి ఏ ఫోరంలోనూ దారాలుండవు.

వరంగల్_వాక్‌మన్
కాఫీ భాయ్ మాట కఠినంగుంది కానీ నిజం. నేనూ ఇంజినీరింగ్‌లో బ్యాండ్ పెట్టిన. సొంత పాటలు వాయిస్తమంటే హైదరాబాద్ పబ్బుల్లో 'కవర్లు వస్తయా బాబూ' అని అడిగేటోళ్లు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ రాగానే డ్రమ్మర్ బెంగళూరు, నేను చెన్నై. బాస్ గిటారు ఇప్పటికీ మా అక్క వాళ్లింట్ల అటక మీదుంది. మమ్మల్ని ఆపింది నిజానికి ఎవరూ లేరు. నెల జీతం పడంగనే మేమే ఆగిపోయినం. పల్ప్‌కు ఆ జీతం రాలేదు, గంతే తేడా.

లలిత_లండన్
నేను చెప్పింది కూడా అదేనండి, ఇంకోలా.

ఫిల్టర్‌కాఫీ
కాదండి. మీరు ప్రభుత్వం నిలబెట్టింది అన్నారు, ఆయన తమను జీతం ఆపింది అంటున్నారు. రెండూ ఒకటి కాదు.

నైట్‌షిఫ్ట్_నాని
మీరు మీరు తర్వాత తేల్చుకోండి. మరి తిరిగింది ఎక్కడ? 'కామన్ పీపుల్' ఒక్క పాటతోనేనా?

బాస్‌లైన్_భాను
లేదు, అంతకు ముందే. 1992-93లో గిఫ్ట్ అనే చిన్న లేబుల్ మీద మూడు సింగిల్స్ వదిలారు. షెఫీల్డ్ ఎలక్ట్రానిక్ లేబుల్ వార్ప్ ఉంది కదా, దాని పిల్ల కంపెనీ అది. 'బేబీస్' అందులోదే. ఆ పాటతో జార్విస్ గొంతు అతనికే దొరికింది. లియొనార్డ్ కోహెన్ పోయి, స్నేహితురాలి అక్క గది అల్మారాలో దాక్కున్న కుర్రాడు వచ్చాడు. ఆ తర్వాత ఐలండ్ రికార్డ్స్, 1994లో 'హిజ్ ఎన్ హర్స్'. అది టాప్ 10లోకి వచ్చింది.

ఇక 'కామన్ పీపుల్' పుట్టుక చెప్తే నవ్వుతారు. జార్విస్ నాటింగ్ హిల్‌లో పాత రికార్డులు అమ్ముకోవడానికి వెళ్లి, అదే షాపులో కనిపించిన సెకండ్ హ్యాండ్ కాసియో కీబోర్డు తెచ్చుకున్నాడు. ఎమ్‌టీ-500, పిల్లల బొమ్మకు ఒక మెట్టు పైన. ఇంటికెళ్లి దాని మీద మీటిన ట్యూనే ఇది. సీ, జీ, ఎఫ్. మూడే కార్డులు (కలిపి మోగించే స్వరాలు). గిటారు పట్టిన మొదటి నెల పిల్లాడు కూడా వాయిస్తాడు.

గొప్పదనం కార్డుల్లో లేదు, వేగంలో ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని డ్రమ్స్ ఒక్కటే పట్టించుకుని వినండి. మొదట్లో ఎవరికో కబురు చెప్తున్నట్టు నడుస్తుంది. చరణం చరణానికీ కొంచెం కొంచెం పరుగెత్తుతుంది. ఎక్కడ పెరిగిందో పట్టుకోలేరు, చివరికొచ్చేసరికి మీకే రొప్పు వస్తుంది. అతని గొంతు కూడా అంతే. మొదట్లో వెటకారం, చివర్లో కోపం. రేడియోకి కోసిన సింగిల్‌లో ఆ కోపం చరణం లేదు. 'డిఫరెంట్ క్లాస్' ఆల్బమ్‌లో ఉన్న పొడుగు వెర్షనే వినండి, 5 నిమిషాల 50 సెకన్లు.

మౌనిక_ఎమ్
ఆ పాట కథ నాకు ఎందుకు తగులుతుందంటే, మా బ్యాచ్‌లో ఒకడుండేవాడు. జూబ్లీహిల్స్‌లో సొంతిల్లు. 'రియల్ లైఫ్ చూడాలి' అని అమీర్‌పేటలో మా హాస్టళ్ల పక్కనే ఒక హాస్టల్లో చేరాడు. మా మెస్ పప్పు గురించి స్టేటస్‌లు పెట్టేవాడు, 'దిస్ ఈజ్ ఇండియా' అని. నల్లులు కుట్టిన రాత్రి వాళ్ల డ్రైవర్ కారేసుకుని వచ్చాడు. మేము ఆ నల్లులతోనే ఇంకో ఏడాది ఉన్నాం. మామూలు జనంలా బతకాలని ఉందన్న డబ్బున్న అమ్మాయి, సెయింట్ మార్టిన్స్‌లో కలిసిన గ్రీకు అమ్మాయి, ఆమె మీద జార్విస్ రాసింది ఇదే బాపతు. పేదరికం కొందరికి టూరు, నచ్చకపోతే తిరుగు టికెట్ జేబులోనే ఉంటుంది. ఆ అమ్మాయి నిజంగా ఎవరని పత్రికలవాళ్లు ఇప్పటికీ వెతుకుతూనే ఉంటారు, అదెందుకో నాకర్థం కాదు. మన హాస్టల్లో ఉన్నాడుగా.

గుంటూరు_మిర్చి
మౌనిక గారి హాస్టల్ అబ్బాయి ఇప్పుడు ఎన్నారై అయ్యుంటాడు. సంక్రాంతికి వచ్చి ఎడ్లబండి ఎక్కి రీల్ చేసుంటాడు.

మౌనిక_ఎమ్
చేశాడు. చూశాను.

షెఫీల్డ్_శీను
అంత పాట నంబర్ వన్ కాలేదు, అది గుర్తుంచుకోండి. 1995 వేసవిలో నంబర్ 2 దగ్గర ఆగింది. పైన కూర్చున్నది ఎవరనుకున్నారు? రాబ్సన్ అండ్ జెరోమ్. టీవీ సీరియల్లో సైనికుల వేషాలేసిన ఇద్దరు నటులు పాడిన 'అన్‌చెయిన్డ్ మెలొడీ'. కానీ నెల తిరక్కుండానే లెక్క మారిపోయింది. గ్లాస్టన్‌బరీ సంగీత పండగలో శనివారం రాత్రి ప్రధాన బ్యాండ్ స్టోన్ రోజెస్. వాళ్ల గిటారిస్టు జాన్ స్క్వైర్ సైకిల్ మీద నుంచి పడి కాలర్‌బోన్ విరగ్గొట్టుకున్నాడు. చివరి నిమిషంలో పల్ప్‌ని పిలిచారు. జూన్ 24. 'డిస్కో 2000', 'మిస్‌షేప్స్' లాంటివి జనం ముందు మొదటిసారి ఆ రాత్రే వాయించారు. ఎవరికీ తెలియని పాటలతో అంత పెద్ద జనం ముందు నిలబడటానికి గుండె ఉండాలి. చివర్లో 'కామన్ పీపుల్' వస్తే పొలం మొత్తం పాడింది. వీడియో దొరుకుతుంది, జార్విస్ ముఖం చూడండి.

వరంగల్_వాక్‌మన్
ఒకడు కిటికీల నుంచి పడితే వీల్ చెయిర్, ఇంకొకడు సైకిల్ మీద నుంచి పడితే వీనికి కెరీర్.

ఎంజే_వీరాభిమాని
అందరూ ఈ జార్విస్‌ని ఆకాశానికి ఎత్తేస్తున్నారు. 1996 బ్రిట్ అవార్డ్స్‌లో మైకేల్ జాక్సన్ 'ఎర్త్ సాంగ్' పాడుతుంటే స్టేజీ ఎక్కి పిర్రలు ఊపింది ఈ మహానుభావుడే అని ఎవరూ చెప్పరేం? మా నాన్న గదిలో చిరంజీవి, ఎంజే ఫొటోలు పక్కపక్కన ఉండేవి. మన కుర్రకారు డాన్స్ నేర్చుకుందే ఆయన్ని చూసి. అలాంటి మనిషి స్టేజీ మీద పిచ్చి వేషాలా?

లలిత_లండన్
చెప్పకుండా ఎలా ఉంటామండి, ఇక్కడ పల్ప్ పాట ఒక్కటీ తెలియనివాళ్లకూ ఆ సంగతి తెలుసు. ఆ రోజు జాక్సన్ చేతులు చాచి నిలబడితే చుట్టూ పిల్లలు, భక్తులు చేరి ఆయన్ని తాకడం, అంతా క్రీస్తు లాంటి సీన్. అది నచ్చకే ఎక్కానన్నాడు జార్విస్. ప్యాంటు విప్పలేదు, ఏమీ లేదు, వెనక్కి తిరిగి గాలిలో చెయ్యి ఊపాడు. పిల్లల్ని తోశాడని ఫిర్యాదు వస్తే పోలీసులు స్టేషన్‌కి తీసుకెళ్లారు. వెంట వెళ్లింది ఎవరో తెలుసా? కమెడియన్ బాబ్ మోర్టిమర్. ఆయన అంతకు ముందు లాయరు! డేవిడ్ బోయీ తరఫున తీస్తున్న కెమెరావాళ్ల ఫుటేజీలో అసలు విషయం బయటపడిందని జార్విస్ చాలాసార్లు చెప్పాడు. కేసు పెట్టలేదు.

ఎంజే_వీరాభిమాని
కేసు లేకపోతే మర్యాద ఉన్నట్టా? ఇష్టం లేకపోతే లేచి వెళ్లిపోవాలి.

ఫిల్టర్‌కాఫీ
ఈ ఒక్కసారికి వీరాభిమానితో సగం ఒప్పుకుంటాను. ఆ పని జార్విస్‌కి కూడా మంచి చెయ్యలేదు. పాటల మనిషి కాస్తా టాబ్లాయిడ్ మనిషి అయిపోయాడు. తలుపు తీస్తే కెమెరా. 1998లో వచ్చిన 'దిస్ ఈజ్ హార్డ్‌కోర్' నిండా ఆ అలసటే. ఆల్బమ్ నంబర్ వన్ అయింది గానీ 'డిఫరెంట్ క్లాస్' అమ్మిన దాంట్లో సగం కూడా అమ్మలేదు. నా దృష్టిలో వాళ్ల అసలు కళాఖండం మాత్రం అదే.

బాస్‌లైన్_భాను
కాఫీ గారూ, పొద్దున ఏదో అన్నారు, జనం కొనకపోతే న్యాయమే అని. మరి 'హార్డ్‌కోర్' కొనకపోవడం కూడా న్యాయమేనా?

ఫిల్టర్‌కాఫీ
ఆ సారి జనం తప్పు.

గుంటూరు_మిర్చి
😂😂 తీర్పు రిజర్వు చేశారు.

బాస్‌లైన్_భాను
నా బాధ వేరే. 1997 మొదట్లో రస్సెల్ వెళ్లిపోయాడు. 'ఇక సృజన మిగల్లేదు' అన్న ధోరణిలో మాట్లాడి వెళ్లాడు. అతని వయొలిన్ గీరుడు లేని పల్ప్ నునుపెక్కింది. 2001లో 'వి లవ్ లైఫ్' చేశారు, స్కాట్ వాకర్ ప్రొడ్యూసర్. చిన్నప్పుడు ఎవరిలా పాడాలని తంటాలు పడ్డాడో ఆయనే వచ్చి పక్కన కూర్చున్నాడు! అయినా పెద్దగా ఆడలేదు. 2002 డిసెంబరులో రోథరమ్‌లోని మాగ్నాలో వాయించి ఆపేశారు.

షెఫీల్డ్_శీను
మాగ్నా అంటే పాత ఉక్కు కర్మాగారం. ఇప్పుడు సైన్స్ మ్యూజియం. నేను వెళ్లాను, లోపల పెద్ద కొలిమి అలాగే ఉంది, దాన్ని రాజేసినట్టు షో కూడా వేస్తారు. నేలంతా ఇనుప జాలీ, నడుస్తుంటే అడుగు అడుగుకీ చప్పుడు. లలిత గారు చెప్పినలాంటి మూతపడిన ఫ్యాక్టరీలోనే బ్యాండ్ మూతపడింది.

లలిత_లండన్
మూతపడి తెరుచుకుంది కూడా. 2011లో మళ్లీ కలిశారు, రస్సెల్ కూడా వచ్చాడు. తర్వాత మళ్లీ పదేళ్లు సైలెంట్. 2023 టూరుకి ముందే, మార్చిలో, స్టీవ్ మెకీ చనిపోయాడు. 56 ఏళ్లు. ఆ టూరు ఆపకుండా చేశారు. ఫిన్స్‌బరీ పార్కులో నేను చూశాను. నా పక్కన ఒకావిడ, ఆవిడ కూతురు. తల్లికి 'డిస్కో 2000' అక్షరం అక్షరం నోటికొచ్చు, కూతురికి 'హార్డ్‌కోర్' పాటలు. ఇద్దరూ ఒకరి పాటకు ఇంకొకరు బీరు తెచ్చుకోవడానికి వెళ్లారు.

2025 జూన్‌లో 'మోర్' ఆల్బమ్ వచ్చింది, 24 ఏళ్ల తర్వాత. స్టీవ్‌కి అంకితం. నేరుగా నంబర్ వన్. అదే నెలలో గ్లాస్టన్‌బరీ లిస్టులో 'ప్యాచ్‌వర్క్' అని ఎవరికీ తెలియని పేరు. తెర తీస్తే పల్ప్! 1995లో ఆ శనివారం వాయించిన ముప్పై ఏళ్లకు.

షెఫీల్డ్_శీను
ఆ జూన్‌లోనే షెఫీల్డ్‌లో లెడ్‌మిల్ క్లబ్బు మూసేశారు. 1980లో కుర్రాళ్లుగా ఉన్నప్పుడు పల్ప్ వాయించిన చోటు. ఊళ్లో చిన్న బ్యాండ్లకు అలాంటి జాగా ఒకటి పోయింది, నంబర్ వన్ సంబరం మధ్యలో ఆ సంగతీ చెప్పుకోవాలి.

నైట్‌షిఫ్ట్_నాని
బాబోయ్, ఇంత వస్తుందనుకోలేదు. ఇప్పుడు వినే వరుస చెప్పండి. ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్తే చంపేస్తాను.

బాస్‌లైన్_భాను
డిఫరెంట్ క్లాస్, హిజ్ ఎన్ హర్స్, ఆ తర్వాత సెపరేషన్స్.

ఫిల్టర్‌కాఫీ
డిఫరెంట్ క్లాస్, వెంటనే హార్డ్‌కోర్. సెపరేషన్స్ మొదటి వైపు వదిలేయొచ్చు.

వరంగల్_వాక్‌మన్
'మోర్' నుంచి వెనక్కి పో భయ్యా. మనుషులు ఎట్ల ముసలోళ్లయిండ్రో తెలిస్తే కుర్రతనం ఇంకా మజా వస్తది.

ఎంజే_వీరాభిమాని
థ్రిల్లర్.

మౌనిక_ఎమ్
'డిఫరెంట్ క్లాస్' పాత ఎల్‌పీ ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను. కవర్ మీద పెళ్లి ఫొటో లేదు, తెల్లటి ఫ్రేము మధ్యలో ఖాళీ ఉంది. డూప్లికేటా?

లలిత_లండన్
డూప్లికేట్ కాదు, 1995లో మొదట వచ్చిందే అలా. ముందు అట్ట మధ్యలో కిటికీలా కోసి ఉంటుంది. లోపల రెండు వైపులా అచ్చేసిన ఆరు కార్డులుంటాయి, పన్నెండు బొమ్మల్లో మనకు నచ్చింది ముందు పెట్టుకోవడమే. బొమ్మల్లో బ్యాండ్ మనుషులు అసలు మనుషులు కారు, నలుపు తెలుపు కటౌట్లు. వాటిని మామూలు ఇళ్ల ముందు, పెళ్లిలో, జనం మధ్య నిలబెట్టి ఫొటోలు తీశారు. డబ్బులు కట్టే ముందు ఆరు కార్డులూ ఉన్నాయా అని అమ్మేవాణ్ణి ఫొటో అడగండి. ఎక్కువ సెట్లలో ఒకటో రెండో పోయి ఉంటాయి, అయినా ధర మాత్రం పూర్తిగా చెప్తారు.

మౌనిక_ఎమ్
అడిగాను. నాలుగే ఉన్నాయట. పెళ్లి ఫొటో కూడా లేదు. బేరం ఆడాలా, వదిలేయాలా?

గుంటూరు_మిర్చి
నాలుగున్నప్పుడు మూడింటి ధర అడగండి. గుంటూరు యార్డులో అలాగే మొదలవుతుంది.